ఉల్లిపొట్టు ఉసిలి

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోస్తాను. పుట్టుకతో వచ్చిన గుణం అందామంటే అది కూడా కోతే అవుతుంది. పుట్టినప్పుడు నేను అందరు పిల్లల్లాగే ఏడ్చానని మా అమ్మ చెప్పేది. మధ్యలో ఎక్కడో అంటుకుంది. మా ఇంట్లో నేను ఏ అంకె చెప్పినా నాలుగుతో భాగించి వింటారు. "ఇవాళ బస్సులో రెండొందల మంది" అని నేను చెమట తుడుచుకుంటుంటే, మా ఆవిడ తాలింపు గరిటె ఆపకుండానే "యాభై అన్నమాట" అంటుంది. మీరూ ఆ లెక్కనే పాటించండి. చేపల సంగతి వచ్చిన చోట ఎనిమిదితో భాగించుకున్నా నాకేమీ అభ్యంతరం లేదు. ఒక్కటే మనవి. ఇందులో పెద్దవిగా కనిపించేవన్నీ సాగదీసినవే తప్ప లేనివి కావు. లేనిది ఒక్కటుంది. దాన్ని చివర నేనే పట్టిస్తాను.

నేను బొగ్గుబాయి మీద లాంప్ రూములో పనిచేస్తాను. బాయిలోకి దిగేవాళ్ళ టోపీలకు దీపాలివ్వడం, పైకొచ్చాక ఆ దీపాలు తిరిగి తీసుకోవడం నా ఉద్యోగం. ఇరవై అయిదేళ్ళుగా కొన్ని కోట్ల దీపాలు ఇచ్చి పుచ్చుకున్నాను. అంత వెలుగు చేతుల మీదుగా పోయినా నాకు మిగిలింది రక్తపోటు. దవాఖానాలో డాక్టరుగారు చేతికి పట్టీ చుట్టి, రబ్బరు ఉండ నొక్కి, నా వంక జాలిగా చూసి, "ఏదైనా వ్యాపకం పెట్టుకోండి. సాయంత్రం పూట నీళ్ళ పక్కన కూర్చోండి" అన్నారు. ఆయన ఉద్దేశం చెరువు కట్ట మీద నాలుగడుగులు నడవమని. నాకు అలా అర్థమైతే నేను నేనెందుకవుతాను?

ఆ వారంలోనే ఫోన్‌లో ఒక వీడియో చూశాను. ఎక్కడో చలిదేశంలో తెల్లగడ్డం మనిషి ఒకడు నడుం లోతు ఏట్లో నిలబడి, పొడుగాటి కర్రతో దారాన్ని గాల్లో అటూ ఇటూ ఆడిస్తున్నాడు. దారం చివర వానపాము లేదు, పిండి ముద్ద లేదు. కోడి ఈకతో కట్టిన ఉత్తుత్తి ఈగ ఉంది. అది నీటి మీద వాలగానే చేప నిజం పురుగనుకుని మింగింది. ఆ మనిషి దాన్ని మెల్లగా దగ్గరికి లాక్కుని, తడి చేతులతో ఎత్తుకుని, కెమెరా వైపు తిప్పి, నుదుటి మీద ముద్దు పెట్టుకుని, మళ్ళీ నీళ్ళలో వదిలేశాడు. చేప కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన కళ్ళల్లోనూ తిరిగాయి. లాంప్ రూములో స్టూలు మీద కూర్చున్న నా కళ్ళల్లోనైతే వరదే వచ్చింది. దీనిని ఫ్లై ఫిషింగ్ అంటారని తెలుసుకుని, ఆ రాత్రికల్లా ఫోన్‌లోనే కర్ర, చక్రం, దారం, ఒక డబ్బా నిండా ఈగలు, ఒక రబ్బరు ప్యాంటు తెప్పించడానికి బటన్ నొక్కేశాను.

పార్సిలు మా టేకులపల్లికి వచ్చినరోజు వీధంతా పోగయింది. మా ఆవిడ సత్తుపల్లి వైపు మనిషి, ఎంత కోపమొచ్చినా గారూ, అండీలు వదలదు. వాటితోనే కొడుతుంది.

"ఏవండీ, ఇంత పెట్టెలో ఈ ఒక్క చీపురుపుల్లే వచ్చిందా?"

"పుల్ల కాదు. దీని బరువు ఎంతో తెలుసా? అసలు బరువే ఉండదు!"

"అవునండీ, మీ జేబు కూడా ఇప్పుడు అలాగే ఉంది. ఈ డబ్బాలో ఏంటండీ, చచ్చిన ఈగలా?"

"కట్టిన ఈగలు. చేత్తో కట్టినవి."

"మన వంటింట్లో చేత్తో కొడితే చచ్చేవి బోలెడు. అడిగితే నేనే ఇచ్చేదాన్ని కదా."

అది మే నెల. మా వైపు మే నెలలో మధ్యాహ్నం గొడుగు వేసుకుంటే ఆ గొడుగుకు ఇంకో గొడుగు పట్టాలి. ఆ ఎండలో నేను చంకల దాకా వచ్చే రబ్బరు ప్యాంటు తొడుక్కుని మా పెద్ద చెరువులోకి దిగాను. చలిదేశంలో బయటి నీళ్ళు లోపలికి రాకుండా కుట్టారు దాన్ని. మా దగ్గర లోపలి నీళ్ళు బయటికి పోకుండా అంతే నమ్మకంగా పనిచేసింది. పావుగంటలో మోకాళ్ళ దాకా నా చెమటలోనే నేను నిలబడ్డాను. అరగంటలో కాళ్ళు ఉడికిన చామదుంపల్లా అయ్యాయి. ఇంటికొచ్చి ప్యాంటు వొంపితే వీధి గుమ్మం ముందు చిన్న వాగు పారింది.

మొదటివారం నేను పట్టినవి చెబుతాను, రాసుకోండి. ఒక తుమ్మచెట్టు. మళ్ళీ అదే తుమ్మచెట్టు. గట్టు మీద మేస్తున్న గేదె తోక. నా కుడిచెవి. కట్టమీద మోటారు సైకిలు ఆపుకుని నన్ను చూస్తున్న ఒక పెద్దమనిషి టోపీ. చేపలు మాత్రం లేవు. ఆ డబ్బాలో ఉన్న ఈగలన్నీ చలిదేశపు పురుగులకు నకళ్ళు. వాటి పేర్లు చదివితే మందుల చీటీ చదివినట్టుంది. మా చెరువులో రవ్వ, బొచ్చె చేపలకు తవుడు తెలుసు, పేడ తెలుసు, బట్టలుతికే సబ్బునురగ తెలుసు. ఈ దొరల పురుగు ఏం తెలుసు పాపం? ఒక బొచ్చె నా ఈగ కిందికొచ్చి, తల ఎగరేసి చూసి, పెళ్ళి భోజనాల దగ్గర గుర్తుపట్టని చుట్టం ఎదురైనట్టు మర్యాదగా పక్కకి తప్పుకుంది.

ఈలోగా ఫోన్‌లో ఇలాంటి పిచ్చివాళ్ళ గుంపు ఒకటి దొరికితే అందులో చేరాను. దేశంలో ఏ మూల చెరువు ఉన్నా అక్కడొకడు ఈగ కట్టుకుని కూర్చున్నాడని అప్పుడు తెలిసింది. ఆ గుంపులో ఒక పట్టింపు ఉంది. చేపను చంపి చూపిస్తే వాడు మొరటువాడు. ఒడ్డున పడేసి ఫోటో తీస్తే వాడు సగం మొరటువాడు. చేతుల్లోంచి నీళ్ళలోకి వదులుతున్న వీడియో పెట్టినవాడే మనిషి. నేను నెలరోజులుగా కర్ర ఫోటోలే పెడుతున్నాను. "కర్ర బాగుంది గురూ, చేపెక్కడ?" అని రోజూ ఎవడో ఒకడు అడిగేవాడు.

అలాంటి ఒక సాయంత్రం నేను చెరువులో దారం ఆడిస్తుంటే, కట్ట మీంచి ఒక గొంతు వినిపించింది.

"ఓ సారూ! చెరువేం తప్పు చేసింది? గట్ల కొరడాతోని కొడుతున్నవ్?"

ఆమె మా ఊరి చేపలవాళ్ళ సంఘానికి ప్రెసిడెంటు. యాభై ఏళ్ళుంటాయి. బజారులో ఆమె చేప తరిగే కత్తిపీట ముందు నిలబడితే ఎంత గొప్పవాడైనా గొంతు తగ్గించి మాట్లాడతాడు. చెరువు హక్కు సంఘానిది. ప్రతి ఏడూ చేపపిల్లల్ని తెచ్చి పోసి పెంచేది వాళ్ళు. అందులో బయటివాడు గాలం వేయడం అంటే వాళ్ళ వంటింట్లోకి వెళ్ళి మూత తీయడమే. ఈ సంగతి నాకు తెలుసు. కానీ నాది గాలం కాదు కదా, కళ కదా అని నా ధైర్యం.

"అక్కా, నేను చేపలు పట్టుకుపోవడానికి రాలేదు."

"మరి ఎందుకొచ్చినవ్?"

"పట్టడానికే. కానీ పట్టి వదిలేస్తాను."

"ఇడిచిపెడ్తవా?"

"అవును."

"తినవా?"

"తినను."

"అమ్మవా?"

"అమ్మను."

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా, రబ్బరు ప్యాంటుతో సహా చూసి, వెనక వలలు మోసుకొస్తున్న సంఘం వాళ్ళ వైపు తిరిగింది. "ఇనుండ్రి. సారు చేపను పట్టి, మొకం జూసి, మల్ల ఇడిచిపెడ్తడంట. పెండ్లిచూపులంట!"

కట్టంతా నవ్వింది. మళ్ళీ నా వైపు తిరిగి, ఈసారి నవ్వకుండా అడిగింది. "గట్లయితే దాని నోట్ల పొక్క ఎందుకు పెడుతున్నవ్ సారూ? ఒడ్డుమీద కూసొని జూస్తే కానరాదా?"

ఫ్లై ఫిషింగ్ మీద ప్రపంచంలో వేల పుస్తకాలుంటాయి. ఆ ప్రశ్నకు వాటిల్లో జవాబుందో లేదో నాకు తెలియదు. నేను దారం చక్రానికి చుట్టుకోసాగాను. ఆమె నా కర్ర తీసుకుని, సంఘం షెడ్డులో వలల మధ్య మూలకు నిలబెట్టింది. "మీటింగుల పెట్టి చెప్తం" అంది.

కర్ర కోసం నేను రోజూ షెడ్డు చుట్టూ తిరిగాను. అలా తిరుగుతుంటేనే అడవి అంచున ఉన్న పిల్లల కుంట సంగతి తెలిసింది. ఫారం నుంచి వచ్చే చేపపిల్లలు గోరంత ఉంటాయి. వాటిని నేరుగా పెద్ద చెరువులో పోస్తే పెద్దచేపలు మింగేస్తాయి. అందుకని ముందు ఆ చిన్న కుంటలో పోసి, తవుడూ చెక్కా వేసి, వేలెడంత అయ్యాక చెరువులోకి మారుస్తారు. ఏటా ఎండాకాలంలో కుంటను ఎండగొట్టి, మిగిలిన చేపనల్లా ఏరేస్తారు. ఈ ఏడు ఊట ఆగలేదు. మోటారు పెట్టి తోడినా తెల్లారేసరికి మళ్ళీ నిండేది. ఆ నీళ్ళలో ఒక కొర్రమీను మిగిలిపోయింది.

కొర్రమీను, మా చేపలవాళ్ళ మాటలో మట్ట, మామూలు చేప కాదు. పాము తల, పులి ఆకలి. వల వేస్తే వల మీంచి దూకుతుంది. కప్పను గాలానికి గుచ్చి వేస్తే కప్పను తిని గాలాన్ని వదిలేస్తుంది. వేర్ల కింద బొరియలో దూరితే నలుగురు మనుషులు చేతులు పెట్టి వెతికినా తగలదు. దాని పొడవు నా అంత ఉంటుందని సంఘం వాళ్ళు అన్నారు. ఇది నా అంకె కాదు, వాళ్ళది. అయినా భాగించుకోండి.

"మంగళవారం పిల్లల బండి వస్తది," అంది ప్రెసిడెంటక్క. షెడ్డు ముందు కూర్చుని తెగిన వల కుడుతోంది. అది శుక్రవారం. "ఫారమోల్లు ఒక్కపాలే ఇస్తరు. గిప్పుడు వద్దంటే మల్ల మా వంతు ఎప్పటికో. పోస్తే ఆ మట్ట దినాం పొద్దుగాల చాయి తాగినట్టు పిల్లల్ని తాగుతది. ఇరవై ఇండ్లు సారూ. ఏడాది తిండి ఆ కుంటల్నే ఉంటది."

ఆ మాట దగ్గర ఎవరైనా నోరు మూసుకుంటారు. నా నోరు నా ఒంటి మీదే ఉన్నా నా మాట వినదు.

"నా కర్ర నాకివ్వండి అక్కా. ఒక్క ఉదయం చాలు, పట్టి ఇస్తాను."

సంఘం వాళ్ళలో ఒకాయన బీడీ పడేసి నవ్వాడు. "ఈకతోనా?"

"ఈకతోనే."

అక్క దారం పళ్ళతో తెంపింది. "సరే సారూ. మట్టను పట్టినవనుకో, పెద్ద చెరువుల నీ ఇష్టం, బతికినంతకాలం ఊపుకో. పట్టకపోతే ఈ కర్ర మా పందిరికి వాసమైతది."

శనివారం పొద్దున షెడ్డులోంచి కర్ర తెచ్చుకుని, డబ్బాలోని ఈగలన్నీ ఒక్కొక్కటిగా కుంటలో వేశాను. కొర్రమీను అప్పుడప్పుడు గాలి పీల్చుకోవడానికి పైకి తేలి గుబుక్కుమని మునిగేది. నా ఈగ పక్కనే తేలి, దాని వంక చూడకుండా మునిగేది. అక్క వచ్చి నా డబ్బా తెరిచి, ఒక పచ్చ ఈగను రెండువేళ్ళతో ఎత్తి పట్టుకుంది.

"ఇదేం పురుగు?"

"చల్లటి ఏర్లలో పుడుతుందక్కా, రాళ్ళ కింద."

"మన దగ్గరుందా?"

"లేదు."

"మరి మా మట్టకెట్ల తెలుస్తది, అది తినేదని? నువ్వు ఎన్నడు జూడని కూర నా విస్తట్ల ఏస్తే నేను తింటనా? ఏందో ఇగ, సదువుకున్నోళ్ళు..." అని మూత పెట్టేసింది.

ఆదివారం మధ్యాహ్నం తొలివాన పడింది. పడిందంటే మామూలుగా కాదు, ఎన్ని మిగిలామా అని మా ఇంటి పెంకులు లెక్కపెట్టుకున్నాయి. వాన వెలిసిన సాయంత్రానికి పుట్టల్లోంచి ఉసిళ్ళు లేచాయి. ఈ రెక్కల చెదపురుగులు తొలివానకు మా వైపు ప్రతి ఇంటికీ భోజనానికి వస్తాయి, అంటే భోజనంగా వస్తాయి. మా ఆవిడ దీపం కింద బేసిను పెట్టి వాటిని పట్టి, రెక్కలు చెరిగేసి, మూకుట్లో దోరగా వేయించి, ఉప్పూ కారం చల్లి మరమరాల్లో కలిపింది. నేను ఆ పళ్ళెం పట్టుకుని పెరట్లో కూర్చుని తింటున్నాను. ఎదురుగా నీళ్ళ తొట్టి. అందులో పడ్డ ఉసిళ్ళు రెక్కలు నీటికి అతుక్కుపోయి గుండ్రంగా తిరుగుతున్నాయి.

పళ్ళెం కింద పెట్టి తొట్టి మీదికి వంగి చూశాను. వేల మైళ్ళ అవతలి పురుగును వెయ్యి తంటాలుపడి తెప్పించి, మూకుట్లో ఉన్న పురుగును మరిచిపోయినవాణ్ణి జిల్లా మొత్తంలో నన్నే చూడాలి.

రాత్రి అన్నాల వేళకి ఈగ కట్టడం మొదలుపెట్టాను. బట్టల క్లిప్పుకు అక్క ఇచ్చిన కొర్రమీను గాలం బిగించి, ఎదురింటి పుంజు రాల్చిన మెడ ఈక చుట్టి, ముదురు ఎరుపు దారంతో ఒళ్ళు కట్టాను. రెక్కల దగ్గర ఆగిపోయాను. ఈక పెడితే మందం, ప్లాస్టిక్ కాగితం పెడితే మెరుపు. మా ఆవిడ ఉల్లిగడ్డ తరుగుతూ నా అవస్థ చూసి, పై పొట్టు లోపల ఉండే పల్చటి పొరను తీసి నా ముందు పడేసింది.

"ఇదేమైనా పనికొస్తుందా చూడండి."

దీపానికి ఎత్తి పట్టాను. అచ్చం ఉసిలి రెక్కే. ఆ రంగే, ఆ గీతలే. నేను కత్తిరిస్తే చిరిగిపోతోందని తనే గోళ్ళ కత్తెరతో నాలుగు రెక్కలు కత్తిరించి, తనే దారంతో ముడివేసింది. నేను క్లిప్పు పట్టుకున్నాను. ఈ ఈగ నేనే కట్టానని ఆ గుంపులో రాశాను, ఆ సంగతి వేరు.

"చేప పడితే ఏం చేస్తారండీ?"

"సంఘానికి ఇచ్చేస్తాను. మాట ఇచ్చాను కదా."

"అదే చేయండి," అంది.

సోమవారం తెల్లారి కుంట దగ్గరికి వెళ్ళేసరికి సంఘం సగం కట్ట మీదే ఉంది. గట్టు పక్కన పుట్టలోంచి ఉసిళ్ళు పొగలా లేస్తున్నాయి. ఆకాశం కనిపించలేదు. కాకులు, గోరింకలు, ఎక్కడెక్కడి పిట్టలో వచ్చి గాల్లోనే విందు చేసుకుంటున్నాయి. రెక్కలు తడిసినవి కుంటలో రాలుతున్నాయి. వేర్ల దగ్గర, నీడలో, నీళ్ళు మెల్లగా నోరు తెరిచి ఒక ఉసిలిని లోపలికి తీసుకున్నాయి. చప్పుడు లేదు. మళ్ళీ తెరిచాయి. మళ్ళీ ఒకటి.

నేను ఫోన్‌ను వెదురుకర్రకు రబ్బరుబ్యాండుతో కట్టి గట్టున పాతి, వీడియో ఆన్ చేశాను.

"అదేంది సారూ, చేపకు ఫోటోనా?" అన్నాడు బీడీ ఆయన.

"సాక్ష్యం," అన్నాను.

ఆ పూట ఎవరి పుణ్యమో దారం తుమ్మచెట్టుకు తగలలేదు, చెవికి తగలలేదు. ఉల్లిపొట్టు ఉసిలి వేర్ల అంచున మెత్తగా వాలి, రెక్కలు చాపుకుని, తొట్టిలో వాటిలాగే ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు తిరగలేదు. నీళ్ళు తెరుచుకున్నాయి, ఉసిలి లేదు. కర్ర విల్లులా వంగింది.

తరవాత జరిగింది మూడు గంటల యుద్ధం. సరే, మీ లెక్క మీరు చేసుకోండి. చేప వేర్లలోకి పోతుంది, నేను ఇవతలికి లాగుతాను. చక్రం గిర్రున తిరిగి నా బొటనవేలి మీద తోలు లేచింది. నా కాళ్ళు బురదలో మోకాలి దాకా దిగిపోయాయి. కట్ట మీంచి ఇరవై ఇళ్ళ సలహాలు ఒకేసారి వస్తున్నాయి.

"దారం ఇడువు సారూ, ఇడువు!"

"ఇడిస్తే పోతది, గుంజు!"

"గుంజితే తెగుతది, ఓర్సుకో!"

"సారుకే ఆయాసం వచ్చింది, సారును గుంజుండ్రి!"

చివరికి చేప అలిసింది. నల్లగా, లావుగా, పక్కకి తిరిగి ఒడ్డువైపు జారుతూ వచ్చింది. నిజంగానే పెద్దది. నా అంత కాదు గాని, నా కాలంత ఉంది, ఇది భాగించొద్దు. అక్క చీర ఎగదోపి, చేతివల పట్టుకుని నీళ్ళలోకి దిగింది.

నాకు ఏమైందో చూడండి. "అక్కా, వల వద్దు! పొలుసులు పోతాయి!" అని అరిచాను.

ఆమె వల పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "పొలుసులు బజార్ల నేనెట్లాగు తీసేదే గదయ్యా!"

అప్పటికే నేను చేతులు తడిచేసుకుని, వీడియోలో తెల్లగడ్డం మనిషిలాగే ఒక చెయ్యి పొట్టకింద, ఒక చెయ్యి తోక దగ్గర పెట్టి చేపను ఎత్తుకున్నాను. నోట్లోంచి గాలం తీశాను. కట్ట మీది జనానికి వీపు పెట్టి ఫోన్ వైపు తిప్పాను. కొర్రమీను ఒళ్ళంతా జిగటగా ఉంటుంది. ఒక్కసారి ఒళ్ళు విరుచుకుంది. చెయ్యి జారింది.

నీళ్ళు ఒక్క గుండ్రం గీసి మూసుకున్నాయి.

 కట్టంతా ఒక్కసారిగా లేచింది. బీడీ ఆయన నా వైపు దూకుతూ వచ్చాడు. మరొకాయన "సారును గుడ కుంటల ఇడుద్దాం, పెండ్లిచూపులు ఆడ్నే జూసుకుంటడు" అన్నాడు. నన్ను కుంటలో ముంచి ఉంటే బాగుండేది. ప్రెసిడెంటక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"ఊకోండ్రి. మట్ట జారుతది. మా అయ్య చేతుల్నుంచి జారింది, నా చేతుల్నుంచి జారింది. సారు చేతులు దీపాలు పట్టిన చేతులు, జారదా? పట్టనైతే పట్టిండు గద."

తరవాత నేను ఆ పూటా, సాయంత్రమూ అక్కడే నిలబడి ఉసిళ్ళు కట్టి వేశాను. ఒకసారి నోరు గుచ్చుకున్న చేప మళ్ళీ ఉల్లిపొట్టు ముట్టుకుంటుందా? తేలనే లేదు. చీకటి పడ్డాక కర్రను నేనే తీసుకెళ్ళి షెడ్డు మూల నిలబెట్టాను.

మంగళవారం బండి వచ్చింది. గాలి నింపిన ప్లాస్టిక్ సంచుల్లో పిల్లలు జీలకర్ర పోసినట్టున్నాయి. వెనక్కి పంపే వీలు లేదు. అక్క ఇరవై ఇళ్ళ దోమతెరలన్నీ తెప్పించింది, ఆడవాళ్ళు మధ్యాహ్నం దాకా కూర్చుని ఒకదానికొకటి కుట్టారు. కుంటలో ఒక మూల కర్రలు పాతి ఆ తెరలను గోడలా కట్టి, పిల్లల్ని అందులో పోశారు. మొత్తం కుంటలో తిరగాల్సినవి ఒక గదంత చోట కుక్కుకున్నాయి. వానాకాలమంతా ఆ ఇళ్ళవాళ్ళు దోమల్లో పడుకున్నారు. నేను నా వంతుగా తవుడు బస్తాలు మోశాను, మా దోమతెరా ఇచ్చాను. రోజూ పొద్దున అక్క జల్లెడతో నీళ్ళ మీద తేలిన చచ్చిన పిల్లల్ని తీసి గట్టున పోసేది. లెక్కపెట్టేది కాదు. తెర అవతల కొర్రమీను గాలి పీల్చుకోవడానికి తేలి గుబుక్కుమనేది. ఒకటి రెండుసార్లు తెర చిరిగింది కూడా.

పిల్లలు వేలెడంత అయ్యాక చెరువులోకి మార్చిన రోజున "ఎట్లా ఉన్నాయక్కా?" అని అడిగాను. "పోయినేడు కన్నా తక్కువే" అంది. ఎంత తక్కువో ఆమె చెప్పలేదు, నేనడగలేదు. కుట్టిన తెరలు విప్పి ఎవరివి వాళ్ళకు పంచుతూ, నన్ను పిలిచి షెడ్డు మూలనున్న నా కర్ర చేతికిచ్చింది. "మాట మాటే సారూ. పట్టినవ్. పెద్ద చెరువుల ఊపుకో."

ఇక మొదట్లో మీకు నేను ఇచ్చిన మాట. పైన రాసిన వాటిలో గొడుగుకు గొడుగు సాగదీసిందే. మూడు గంటల యుద్ధం ఇరవై నిమిషాలు కూడా ఉండదు. వీధిలో వాగు పారలేదు, చెంబుడు నీళ్ళు వచ్చాయి. ఉసిళ్ళ వల్ల ఆకాశం కనిపించకపోవడం దాదాపు నిజం. ఇవన్నీ మీరు ఎప్పుడో పసిగట్టి ఉంటారు. లేనిది కల్పించి రాసింది రెండే రెండు ముక్కలు: చెయ్యి జారింది.

ఆ వీడియో ఇంకా నా ఫోన్‌లో ఉంది. చేప ఒళ్ళు విరుచుకోలేదు. అలిసిపోయి నా చేతుల్లో పసిపిల్లలా పడుకుని ఉంది. నేను ఫోన్ వైపు చూసి నవ్వాను. తోక దగ్గరి వేళ్ళు ముందు తెరిచాను, తరవాత పొట్టకింది వేళ్ళు. మధ్యలో ఎండ సరిగ్గా పడటానికి ఒక్క క్షణం ఆగాను కూడా. గుంపులో ఆ వీడియోకు వచ్చినన్ని శభాష్‌లు నాకు జన్మలో రాలేదు. అది చూసిన మా ఆవిడ రెండోసారి వెనక్కి తిప్పి చూసి, "అక్కకి చెప్పారా?" అని అడిగింది. అంతే అడిగింది.

చెప్పలేదు. ఇప్పుడు బజారులో ఎవరైనా అడిగితే అక్కే ఆ కథ చెబుతుంది. ఆమె నోట్లో ఆ కొర్రమీను ఏటికేడు పెరుగుతోంది. "సారు ఈకతోని పట్టిండు, నా ఎత్తుండె. జారింది, పాపం, ఏంజేస్తడు" అంటుంది. నేను కత్తిపీట పక్కన నిలబడి, ఎట్లా జారిందో రెండు చేతులూ పెట్టి చూపిస్తుంటాను.

జారలేదక్కా. నేనే వదిలాను.